నూజెండ్ల నుంచి వచ్చిన రెండో సీసా

నరసరావుపేటలో ఒక చిన్న ఆసుపత్రి లాబరేటరీలో 1943 జూన్‌లో చేరాను. ముప్పై నాలుగేళ్ళు అదే పని చేశాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఇక్కడ రాయను. అవి తెలుసుకుని మీకు ఒరిగేదేమీ లేదు.

ఈ మధ్య ఇదే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ముగ్గురు నన్ను చూడడానికి వచ్చారు. యంత్రాల గురించి చక్కగా మాట్లాడారు. "పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టు, నెగటివ్ వస్తే లేనట్టు. అంతే కదండీ" అని వాళ్ళలో ఒక అమ్మాయి తేలిగ్గా అనేసింది. ఇరవై రెండేళ్ళ వయసులో నేనూ అంతే తేలిగ్గా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏమైందో చెబితే ఆ అమ్మాయి ఇంకోసారి కాస్త ఆగి మాట్లాడుతుందని ఇది రాస్తున్నాను.

తేదీలు, అంకెలు నా నోటుపుస్తకాల్లోవి. మాటలు మాత్రం నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు.

మేం చూసేది క్రిమిని కాదు

నాకంటే ముందు లాబరేటరీలో పనిచేసినాయన యుద్ధానికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళు దొరక్క, స్కూలు ఫైనలు ప్యాసైన నన్ను ఆరు నెలలు మద్రాసు పంపి పని నేర్పించారు. నాకు ఇచ్చిన గది పది అడుగులకు ఎనిమిది. తూర్పు వైపు ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, స్పిరిటు దీపం మీద నీళ్ళ తొట్టి. ఇవే నా ఆస్తి.

అప్పట్లో టైఫాయిడ్‌కు చేసే పరీక్ష ఇది. రోగి రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు నీరు తీసుకుంటాం. దాన్ని ఉప్పునీళ్ళలో ఇరవై వంతులకు ఒక వంతుగా పలచన చేసి మొదటి గొట్టంలో పోస్తాం. రెండో గొట్టంలో నలభైకి ఒకటి, తర్వాత ఎనభై, నూట అరవై, మూడు వందల ఇరవై, ఆరు వందల నలభై. మద్రాసు నుంచి సీసాలో వచ్చే చచ్చిన టైఫాయిడ్ క్రిములను ప్రతి గొట్టంలోనూ సమానంగా కలుపుతాం. గోరువెచ్చని తొట్టిలో ఉంచి మర్నాడు పొద్దున కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూస్తాం. రోగి రక్తంలో ఆ క్రిమిని ఎదుర్కొనే యాంటీబాడీలు ఉంటే క్రిములు తరకలు తరకలుగా కూడుకుని అడుగుకు చేరతాయి, పైనీళ్ళు తేటపడతాయి. అలా తేటపడిన చివరి గొట్టం ఏదో అదే మా అంకె. ఎనభై, ఆపైన వస్తే టైఫాయిడ్ అని మా ఆసుపత్రిలో లెక్క.

గమనించండి. ఇందులో రోగి ఒంట్లోని క్రిమిని మనం ఎక్కడా చూడలేదు. క్రిమి వచ్చిందని ఒళ్ళు తయారుచేసుకున్న పదార్థాన్ని చూశాం. ఆ తయారీకి వారం, పది రోజులు పడుతుంది. తయారయ్యాక నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు రక్తంలో ఉండిపోతుంది. పరీక్షలో ఉన్న చిక్కంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మద్రాసులో ఇది నాకు చెప్పారు. రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, తెలియడం వేరు.

నేను రాసిన మూడు మాటలు

1944 అక్టోబరులో పత్తి మిల్లులో పనిచేసే సుబ్బారావు అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడి రక్తం వచ్చింది. చీటీ మీద "జ్వరం, నాలుగో రోజు" అని ఉంది. పరీక్ష చేశాను. ఒక్క గొట్టం కూడా తేటపడలేదు. కాగితం మీద అంకెలు రాసి, కింద నా అంతట నేను "టైఫాయిడ్ జ్వరం లేదు" అని చేర్చాను. చక్కని దస్తూరీతో రాశాను.

నాలుగో రోజున ఎవరి రక్తంలోనూ ఆ జ్వరం తాలూకు యాంటీబాడీలు దొరకవు. నేను రాయవలసింది "ఈ రోజుకు కనబడలేదు, వారం తర్వాత మళ్ళీ పంపండి" అని. టైఫాయిడ్‌లో పేగుకు పుండ్లు పడతాయి, అందుకని మంచం దిగనివ్వరు, గట్టి తిండి పెట్టరు. నేను రాసిన మూడు మాటలు చూసి ఆ ఇంట్లో ఆ జాగ్రత్తలన్నీ ఆగిపోయాయి. మామూలు జ్వరమే అనుకుని అతణ్ణి లేపి తిప్పారు, తిన్నంత పెట్టారు, కాస్త తగ్గినట్టుంటే మిల్లుకు కూడా పంపారు. పద్దెనిమిదో రోజున కడుపులో నెత్తురు పోయి ఆసుపత్రికి తెచ్చారు. అదే రోజు పోయాడు. అప్పుడు తీసిన రక్తంలో అంకె మూడు వందల ఇరవై.

నా కాగితమే అతణ్ణి చంపిందా అంటే తెలియదు. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కు మందు లేదు. జాగ్రత్తగా చూసుకున్నా పోయేవాళ్ళు పోయారు. కాని ఆ కాగితం లేకపోతే అతను మంచం మీద ఉండేవాడు. ఆ మాట నిజం.

అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. నేను అంకె రాస్తాను, జబ్బు పేరు రాయను. రెండోది, జ్వరం ఎన్నో రోజో చీటీ చూసి నమ్మను, నేనే అడుగుతాను. ఎందుకంటే మా వైపు కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఒళ్ళు కాలిన రోజు నుంచి లెక్కపెట్టరు, మంచాన పడ్డ రోజు నుంచి లెక్కపెడతారు.

"జొరం ఎప్పటినుంచి?" అంటే, "మొన్న ఆయితారం నుంచండీ" అంటారు.

"అంతకుముందు ఒళ్ళు కాలలేదా?"

"కాలింది. కాలితే ఏంది? కలుపుకి పోతానే ఉన్నాగా."

అందుకని సంతరోజు పట్టుకుని, అమావాస్య పట్టుకుని వెనక్కి వెళ్ళి అసలు తేదీ తేల్చేదాన్ని. మూడో రోజు అని చెప్పింది పదకొండో రోజుగా తేలిన సందర్భాలు నా పుస్తకంలో చాలా ఉన్నాయి. రక్తం ఎంత శుభ్రంగా చూసినా, రోజు తప్పుగా ఉంటే అంకె దేనికీ పనికిరాదు.

డాక్టరు గారు

మా పెద్ద డాక్టరు రంగనాయకులు గారికి అప్పటికి యాభై ఐదేళ్ళు. కోపిష్ఠి. రోజుకు ఎనభై మంది రోగులను చూసేవారు. ఆయన చేతి వేళ్ళకున్న తెలివి నేను మరెవరిలోనూ చూడలేదు. పొట్ట మీద చెయ్యి వేసి కాలేయం ఎంత దిగిందో అంగుళాల్లో చెప్పేవారు.

అయితే నేను చేరిన రెండేళ్ళలో ఒక మార్పు వచ్చింది. జ్వరం రోగి రాగానే, "రక్తం మీనాక్షికి పంపండి" అనేవారు. కాగితం వచ్చేదాకా పొట్ట మీద చెయ్యి వేసేవారు కాదు. కాగితం వచ్చాక వేయవలసిన పని ఉండేది కాదు. మొదట్లో ఇది నాకు గర్వంగా ఉండేది. నేను రాకముందు ఆయన ఎంత బాగా చూసేవారో పాత కాంపౌండరు చెప్పగా విన్నాక గర్వం తగ్గింది. లాబరేటరీ వచ్చి ఒక మంచి డాక్టరు చేతుల్ని జేబులో పెట్టించిందంటే అందులో నా వంతూ ఉంది. నా కాగితాల్లో అంతులేని ధీమా కనబడేది కదా!

రెండు రక్తాలు

1946 ఆగస్టు 6, మంగళవారం. నూజెండ్ల నుంచి కోటయ్య అనే ఇరవై నాలుగేళ్ళ మనిషిని తీసుకొచ్చారు. సైన్యం నుంచి మే నెలలో విడుదలై ఇంటికి వచ్చినవాడు. వెంట అన్న అంజయ్య, తల్లి నాగమ్మ. నేను తేదీ తేల్చాను: జ్వరం మొదలైంది జులై 29న, కాబట్టి తొమ్మిదో రోజు. రక్తం తీశాను. మర్నాటికి అంకె నూట అరవై.

డాక్టరు గారు టైఫాయిడ్ అన్నారు. వార్డులో ఖాళీ మంచాలు లేవు. ఇంట్లోనే మంచం దిగకుండా పడుకోబెట్టి బార్లీ నీళ్ళు, పలచని మజ్జిగ తప్ప ఏదీ పెట్టవద్దని చెప్పి పంపేశారు. వారం తర్వాత మళ్ళీ రక్తం పంపమని నేనే అడిగాను. అంకె పెరుగుతున్నదా లేదా అని చూడడం అసలు పద్ధతి. ఒక్కసారి తీసిన రక్తం సగం సాక్ష్యమే. ఆ ఊళ్ళో సూదిమందు వేసే కాంపౌండరు ఒకాయన ఉన్నాడంటే, ఒక శుభ్రమైన సీసా అంజయ్య చేతికి ఇచ్చాను.

14వ తేదీ బుధవారం అంజయ్య ఆ సీసా తెచ్చాడు. పరీక్ష పెట్టాను. గురువారం పొద్దున కిటికీ దగ్గర గొట్టాలు పెట్టి చూస్తే ఒక్కటీ తేటపడలేదు. ఇరవైలో కూడా లేదు.

డాక్టరు గారు కాగితం చూసి నన్ను పిలిచారు.

"ఏమ్మా మీనాక్షీ, వారం కిందట నూట అరవై. ఇవాళ సున్నా. ఏడికి పోయింది?"

"పోదండీ. పదిహేడో రోజున పెరగాలి, లేకపోతే అలాగే ఉండాలి. వారంలో మాయం కాదు."

"అయితే మొదటిసారి నీ గొట్టాలు సరిగా కడగలేదన్నమాట. వాడు వారం పైగా బార్లీ నీళ్ళ మీద ఉన్నాడు, తెలుసా?"

తెలుసు. నా గొట్టాలు నేనే కడుగుతాను, మూడుసార్లు. కాని నోటితో చెబితే ఏం లాభం? మొదటి రక్తం నీరు చెడిపోకుండా ఒక చుక్క కార్బాలిక్ ఆమ్లం కలిపి దాచి ఉంచాను. ప్రతి రోగిదీ నెల రోజులు దాచేదాన్ని. దాన్నీ, కొత్తదాన్నీ పక్కపక్కన, ఒకే సీసాలోని క్రిములతో మళ్ళీ పెట్టాను. ఈసారి తొందరగా తేలాలని తొట్టి వేడి కాస్త పెంచి, సాయంత్రం నాలుగింటికి చూశాను. పాతది నూట అరవై. కొత్తది సున్నా. అంటే గొట్టాల తప్పు కాదు. ఇవి ఇద్దరు మనుషుల రక్తాలు.

అంజయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు రిపోర్టు పట్టుకునే వెళ్ళాలని పొద్దుటి నుంచి కదల్లేదు.

"అంజయ్యా, ఈ రెండో సీసాలో నెత్తురు ఎవరిది?"

"ఎవరిదేందమ్మగారూ, మావోడిదే."

"మీవాడి చేతిలోంచే తీశారా?"

అతను కాసేపు తలపాగా సర్దుకున్నాడు. "మావోడిదంటే... నాది. నాదైతే ఏంది, వాడిదైతే ఏంది? ఒక తల్లి బిడ్డలం. వాడి ఒంట్లో బొట్టు లేదమ్మగారూ. మా అమ్మ ఊరుకోలా. ‘ఒరేయ్, వాడికి గనక సూది పెట్టారా, నేను బాయిలో దూకుతా’ అనింది. కాంపౌండరు కూడా, ‘అన్నదమ్ములది ఒకటేలేరా, నువ్వు చాపు చెయ్యి’ అన్నాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటారుగా. మంచి నెత్తురిస్తే మంచి రిపోర్టు వస్తది, అన్నం పెట్టమంటారు అనుకున్నా. వాడు అన్నం అన్నం అని ఏడుస్తన్నాడు. ఆ ఏడుపు మీరు వినలా."

నేను అతణ్ణి తిట్టాను. గట్టిగానే తిట్టాను. నువ్వు తెచ్చిన మంచి రిపోర్టు నమ్మి అన్నం పెడితే, నిజంగా టైఫాయిడే అయితే, మీ తమ్ముడు ఏమయ్యేవాడో తెలుసా అన్నాను. సుబ్బారావు సంగతి చెప్పాను.

ఒకే కుండలో నీళ్ళు

తిట్టి లోపలికి వచ్చి గొట్టాలు కడుగుతూ ఉంటే ఒక సందేహం వచ్చింది. మా వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళ రక్తంలో ఇరవై, నలభై దాకా అంకె ఉండడం మామూలే. ఎప్పుడో చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిన గుర్తు అది. అంజయ్యకు అదీ లేదు. తమ్ముడికి మాత్రం నూట అరవై. ఇంటి నీళ్ళలోది కాకపోతే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? మళ్ళీ బయటికి వెళ్ళాను.

"మీరిద్దరూ ఒకే ఇంట్లోనా?"

"ఒకే ఇల్లు, ఒకే బాయి, ఒకే కుండ. ఏంది, ఇప్పుడు నాకు కూడా జొరం అంటారా?"

"నీకేం లేదు. మీవాడికి మిలిట్రీలో సూదులు వేశారా?"

"వెయ్యకేం. బరమా పోకముందు రెండు, మళ్ళా మొన్న మార్చిలో ఒకటి. చెయ్యి వాచిపోయిందని ఉత్తరంలో రాశాడు. వాడికి ఓ చిన్న బుక్కు కూడా ఇచ్చారు, అందులో అన్నీ రాసుంటయ్యి."

సైన్యంలో టైఫాయిడ్ రాకుండా వేసే ఆ సూదిలో ఉండేదీ చచ్చిన టైఫాయిడ్ క్రిములే. ఆ సూది పడ్డ ఒళ్ళు నిజంగా జబ్బు వచ్చినట్టే యాంటీబాడీలు తయారుచేస్తుంది. నేను చూసిన నూట అరవై జబ్బు వల్ల కావచ్చు, మార్చిలో వేసిన సూది వల్ల కావచ్చు. రెంటినీ విడదీయడానికి రెండు రకాల క్రిముల సీసాలు వాడాలని చదివాను. మాకు మద్రాసు నుంచి వచ్చేది ఒకటే. అన్నిటికంటే సిగ్గుపడవలసిన విషయం ఏమిటంటే, ఆ మనిషి సైన్యం నుంచి వచ్చాడని మొదటి రోజే నాకు తెలుసు. తేదీ గుచ్చి గుచ్చి అడిగినదాన్ని, సూది సంగతి అడగలేదు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విసుక్కున్నారు.

"సూది వేసుకున్నవాడికి టైఫాయిడ్ రాదా?"

"రావచ్చండీ. అందుకే ఈ అంకె అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు."

"అలాంటప్పుడు నువ్వెందుకు, నీ గొట్టాలెందుకు?"

"తెల్లకణాలు లెక్కపెట్టి చూస్తాను. టైఫాయిడ్ అయితే తగ్గుతాయి, ఎక్కడైనా చీము ఉంటే పెరుగుతాయి."

"మొదటి రోజే ఎందుకు లెక్కపెట్టలేదు?"

"మీరు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు" అన్నారాయన. రెండూ నిజమే.

కష్టం ఎక్కడుందంటే, కోటయ్యను కదిలించడంలో. టైఫాయిడే అయితే మూడో వారంలో పుండ్లు పడ్డ పేగుతో బండి కుదుపులకు నెత్తురు పోయి దారిలోనే చనిపోవచ్చు. టైఫాయిడ్ కాకపోతే, ఇంకా ఇంట్లో బార్లీ నీళ్ళ మీద ఉంచడమే చావు. డాక్టరు గారు వార్డు విడిచి వెళ్ళడానికి లేదు. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు.

"మైక్రోస్కోపు తీసుకుని నువ్వే వెళ్ళు. అక్కడే లెక్కపెట్టు. పదివేలు దాటితే తీసుకురా. దాటకపోతే మంచం మీద నుంచి వేలు కూడా కదిలించొద్దు."

ఒక్క బొట్టు

16వ తేదీ శుక్రవారం పొద్దున రైలెక్కి వినుకొండలో దిగాం. అక్కడి నుంచి బండి. మైక్రోస్కోపు పెట్టె అంజయ్య ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఎవరో, "ఏంది అంజయ్యా, పెట్టెలో హార్మోనియమా?" అంటే, "ముట్టుకోబాక, నా తమ్ముడి పానం" అన్నాడు.

కోటయ్య నులకమంచం మీద ఉన్నాడు. పది రోజుల్లో సగం అయ్యాడు. నాగమ్మ నన్ను చూడగానే మంచానికి అడ్డం నిలబడింది.

"మళ్ళా నెత్తురా తల్లీ? ఇంక ఏం మిగిలిందని తీత్తావు?"

"ఒక్క బొట్టు పెద్దమ్మా. వేలు చివర. సీసా లేదు, చూడు." ఖాళీ చేతులు చూపించాను.

"పోయినసారీ ఇట్టాగే అన్నారు."

"పోయినసారి అంజయ్యది తీయించావు. ఆ బొట్టుతో అంజయ్యకు ఏ జబ్బూ లేదని తెలిసింది. ఇప్పుడు నీ చిన్నకొడుకు సంగతి తెలుసుకోవాలి."

మంచం మీద నుంచి కోటయ్య చిన్న గొంతుతో అన్నాడు: "తియ్యనీవే అమ్మా. తీసుకుని ఒక ముద్ద పెట్టమను."

ఆమె పక్కకు జరిగింది. వేలు గుచ్చి ఒక బొట్టు తీసి, ఇరవై వంతులుగా కలిపి, గళ్ళు గీసిన గాజుపలక మీద పోసి, అరుగు మీద వెలుతురుకు మైక్రోస్కోపు పెట్టుకున్నాను. చుట్టూ జనం మూగారు. అంజయ్య వాళ్ళను తరుముతున్నాడు. నాలుగు మూలల పెద్ద గళ్ళలోని కణాలు లెక్కపెట్టి యాభైతో గుణించాలి. టైఫాయిడ్ అయితే మొత్తం తొంభైయో నూటపదో వస్తాయి. మొదటి గడిలోనే నూట మూడు వచ్చాయి. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. నాలుగు గళ్ళకూ కలిపి నాలుగు వందల ఇరవై. యాభైతో గుణిస్తే ఇరవై ఒక్క వేలు. రెండో పలక వేశాను. నాలుగు వందల ఎనిమిది. ఇరవై వేల నాలుగు వందలు.

"బండి కట్టు అంజయ్యా" అన్నాను.

నా గొంతు గట్టిగానే ఉందనుకుంటాను. కాని పదివేలు అన్న అంకె డాక్టరు గారు చెప్పింది, ఇరవై ఒక్క వేలు నేను లెక్కపెట్టింది. బండిలో ఆ మనిషికి ఏమన్నా అయితే ఆ తల్లికి నేను చూపించగలిగింది ఒక గాజుపలక. బండిలో గడ్డి, గడ్డి మీద రెండు బొంతలు వేశారు. వినుకొండ దాకా ఎద్దులను నడిపించే తోలారు. ప్రతి గతుకు దగ్గరా నేను కోటయ్య నాడి పట్టుకుని లెక్కపెట్టాను. నూట పన్నెండు దాటలేదు. రాత్రికి వినుకొండలో ఆగి, శనివారం పొద్దున మొదటి రైలుకు నరసరావుపేట చేరాం.

చేతులు

రంగనాయకులు గారు ఆ రోజు కాగితం అడగలేదు. కోటయ్య మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, కుడివైపు పక్కటెముకల మధ్య ఒక్కొక్క సందులోనూ వేలితో నొక్కుకుంటూ వెళ్ళారు. ఒకచోట కోటయ్య కెవ్వుమన్నాడు.

"కుడి భుజం కూడా నొప్పిగా ఉంటుందా?"

"ఉంటదండీ. నెల నుంచి."

"మిలిట్రీలో ఉన్నప్పుడు జిగట విరేచనాలు పట్టాయా?"

"పట్టినయ్యి. రెండు నెలలు. నెత్తురు కూడా పడింది."

"ఆ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదురా?"

"ఎవరూ అడగలేదు గదండీ."

కాలేయంలో చీముగడ్డ. విరేచనాల క్రిమి అక్కడిదాకా పాకి చేసిన పని. మా పరీక్ష ఎంత శుభ్రంగా చేసినా దాని గురించి ఒక్క మాటా చెప్పలేదు, ఎందుకంటే మేం దాన్ని అడిగింది టైఫాయిడ్ గురించి మాత్రమే.

అప్పుడే ఆ క్రిమిని చంపే ఎమెటిన్ సూదిమందు మొదలుపెట్టారు. ఆ మందు గుండెను నీరసపరుస్తుంది కాబట్టి పూటపూటకూ నాడి చూశారు. ఆదివారం పొద్దున పొడుగు సూదితో పక్కటెముకల సందున గుచ్చి లాగారు. ఇటుకల బురద రంగులో, వాసన లేని చీము, రెండు గ్లాసులకు పైగా వచ్చింది. మైక్రోస్కోపులో పెట్టి గంటసేపు వెతికాను. క్రిమి ఒక్కటీ కనబడలేదు. "చూశాను, కనబడలేదు" అని రాశాను, "లేదు" అని రాయలేదు. డాక్టరు గారు ఆ కాగితం చదివి, మళ్ళీ సూదిమందు ఇవ్వడానికి వెళ్ళారు.

మంగళవారానికి జ్వరం నూరుకు దిగింది. గురువారం అన్నం పెట్టమన్నారు. మెత్తగా వండిన అన్నం, కందికట్టు. మొదటి ముద్ద నాగమ్మ కలిపి పెట్టింది. అంజయ్య గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, "ఏందిరా, ఇది కూడా వాడి బదులు నువ్వే తింటావా?" అన్నది. వార్డంతా నవ్వింది. అంజయ్య నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

సెప్టెంబరు 3

పిల్లలకు నా సలహాలు పెద్దగా లేవు. రక్తం తీసేముందు జ్వరం తేదీ అడగండి, టీకాలు అడగండి, లోగడ వచ్చిన జబ్బులు అడగండి. వీలైతే రెండుసార్లు తీసి పక్కపక్కన చూడండి. పరీక్షలు మారాయి, క్రిముల పేర్లు మారాయి, ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి మారలేదు. మలేరియా వచ్చిన ఒక కొత్త కోడలికి సుఖరోగం ఉన్నట్టు చూపించిన పరీక్షను కూడా నేను చేశాను. ఆ కాగితం అత్తగారి చేతికి ఇవ్వకుండా డాక్టరు గారి చేతికే ఇచ్చాను. మలేరియా తగ్గిన నెలకు మళ్ళీ చూస్తే ఏమీ లేదు. అత్తగారి చేతికి ఇచ్చి ఉంటే ఈలోగా ఆ పిల్ల కాపురం పోయి ఉండేది.

కోటయ్యను ఇంటికి పంపేముందు, సెప్టెంబరు 2న డాక్టరు గారు వింతగా ఒక మాట అన్నారు: "మీనాక్షీ, వీడి రక్తం ఇంకోసారి చూడు. టైఫాయిడ్ పరీక్షే."

ఈసారి నేనే అతని చేతిలోంచి తీశాను. అంజయ్య పక్కనే నిలబడి, "చూశారుగా, వాడిదే" అని వార్డులో అందరికీ వినబడేట్టు అన్నాడు. మంగళవారం పొద్దున కిటికీ దగ్గర గొట్టాలు పెట్టాను. నూట అరవై. ఒక గొట్టం పెరగలేదు, ఒక గొట్టం తగ్గలేదు. అది మార్చి నాటి సూది గుర్తే.

కాగితం డాక్టరు గారికి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. పక్కనున్న నాగమ్మ కంగారుపడింది.

"ఏంది తల్లీ, కాయితంలో ఇంకా జొరం ఉందంటనా?"

"కాయితంలో ఉంది పెద్దమ్మా. ఒంట్లో లేదు."

ఆమె నమ్మలేదు. కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంది. తర్వాత మెడ మీద, తర్వాత పొట్ట మీద. అప్పుడు మూట నెత్తిన పెట్టుకుని, "పదండ్రా, రైలు పోద్ది" అన్నది.